కొస తెలీని పంతులూ, ఊరి పొట్టేలూ

ఎంగయ్య పంతులని ఒకాయన ఉండేవాడంట, ఆయనకి ఏ కథైనా మొదలుపెట్టడమే తెలుసు, కొస తెలీదు. నవ్వబాక అబ్బయ్యా, నిజం, రాసుకో. అనగనగా ఒక రాజు అనేవాడంట, రాజు అడివికి పొయ్యాడు అనేవాడంట, అడివిలో పెద్దపులి అడ్డం వచ్చింది అనేవాడంట, అంతే, అక్కడ ఆగిపొయ్యి ఇంటికప్పు దిక్కు చూసేవాడు. చిన్నప్పుడు వాళ్ళ జేజి కథ చెప్తా ఉంటే సగంలోనే గుర్రు పెట్టేవాడంట, ఇంక కొసలు యాడ తెలుస్తాయి? బోలెడు కథలొచ్చు, ఒక్కదానికీ తోక లేదు. అట్టాంటోడు పంతులెట్టా అయ్యాడంటావా? అదే గదా చెప్పబోతన్నా, తొందరపడితే ఎట్టా. ముందు మీరా చెనక్కాయలు వలవండి. ఏమ్మే కోటమ్మా, చాటలో పప్పు కంటే నీ నోట్లో పప్పే ఎక్కువ కనపడతంది, నాకు చూపు ఆనదనుకున్నావా? విత్తనానికమ్మే అవి, తినేదానికి కాదు. పెంచలయ్యా, నువ్వు ఊఁ కొట్టు. మా మరిది ఊఁ కొడితేగానీ నాకు కథ కదలదు. "ఊఁ, వదినా." ఆఁ, అట్టా. అన్నం తిన్న మత్తంతా నీ కళ్ళల్లోనే ఉంది, నిద్రపోబాక.

ఈ పంతులు ఊళ్ళెంబడి తిరుక్కుంటా తిరుక్కుంటా చిల్లకంపల్లెకి వచ్చాడంట. ఆ ఊరికి మాలకొండయ్యని పెద్దాయన ఒకడు. మంచోడే, ఒకరి సొమ్ము తాకేవాడు కాదు, కాకపోతే ఆయన ఏదన్నా అంటే ఊరంతా ఊఁ అనాల. కథకి మనం ఊఁ కొట్టినట్టు. ఆ ఊరి పద్ధతే అది. అందరూ చేరతారు, పెద్దాయన మాట చెప్తాడు, ఊఁ అంటారు, ఎవురిళ్ళకి వాళ్ళు పోతారు. ఈ ఏడు వానలు బాగా పడతాయి అన్నాడనుకో, ఊఁ. నా మీసం నల్లగా ఉంది అన్నాడనుకో, ఊఁ. మీసం చూస్తే దూదిపింజ. అయినా ఊఁ. పెద్దోళ్ళంతా అట్టా అలవాటుపడిపొయ్యారు గానీ పిలకాయలు అనేవాళ్ళు కాదంట. ఆయన మాట్లాడతా ఉంటే ఒకడు తొండని తరుముకుంటా పోతాడు, ఇంకోడు ఆయన చేతికర్రే ఎత్తుకోని గుర్రం ఆట ఆడతాడు. పెద్దాయనకి దిగులు పట్టుకుంది. రేపు నేను ముసలాణ్ణయితే నా మాటకి ఊఁ అనేదెవురు అని. అప్పటికే ముసలాడు, అది వేరే సంగతి. అట్టాంటప్పుడు ఈ ఎంగయ్య పంతులు చంకలో మూటతో కనపడ్డాడు. నీకేమొచ్చు అని అడిగాడంట పెద్దాయన. కథలొచ్చయ్యా అన్నాడు. కథలు చెప్తే పిలకాయలు ఊఁ కొడతారా? కొట్టక ఏం చేస్తారయ్యా, ఊఁ కొట్టకపోతే కథ సాగదు గదా. అయితే నువ్వే మా ఊరికి పంతులివి, నీ కథలతో వీళ్ళకి ఊఁ అనడం అలవాటు చెయ్యి, రోజుకొక ఇంట్లో కూడు పెట్టిస్తా అని అక్కడికక్కడే తేల్చేశాడు. ఊరంతా ఊఁ అనింది.

పశువుల కొట్టంలో ఒక పక్క పేడ తీసి బడి పెట్టారంట. పంతులు కూర్చున్నాడు, పిలకాయలు కూర్చున్నారు, అవతల పక్కన బర్రె నెమరేస్తా నిలబడుంది. పంతులు మొదలుపెట్టాడు. ఒక ఊళ్ళో ఒకామె ఉందంట. ఊఁ. ఆమె రోజూ కోడి కూస్తేనే నిద్ర లేచేదంట. ఊఁ. ఒకరోజు కోడి కూయలేదంట. ఊఁ! ఇంకేముంది, పంతులు కప్పు దిక్కు చూశాడు. పిలకాయలేమో తర్వాత తర్వాత అని ఒకటే రొద. ఆయనకి చెమటలు పడతన్నాయి. తెలీదంటే రేపు కూడు పెట్టరు గదా, అందుకని ఏమన్నాడంటే, తర్వాత సంగతి తర్వాత, ముందు మీరు చెప్పండిరా, ఆరోజు తెల్లారిందా లేదా అన్నాడంట. ఊరికే, గండం గడుస్తదని అన్నాడు పాపం. పిలకాయలు రెండు జట్లయిపొయ్యారు! తెల్లారుద్ది అని ఒకళ్ళు, కోడి కూయకుండా ఎట్టా తెల్లారుద్ది, ఎప్పుడన్నా చూశావా అని ఇంకోళ్ళు. చూడాలంటే లేవాల, లేవాలంటే కోడి కూయాల, ఇంకెట్టా చూసేది? జుట్లు పట్టుకున్నారు. తిరపాలని ఒకడున్నాడు, వాడేం చేశాడంటే, మాటలెందుకు, చూస్తే పోద్ది గదా అని ఇంటికి పొయ్యి వాళ్ళ కోడిపుంజు ముక్కుకి దారం చుట్టి కట్టేశాడు. మర్నాడు తెల్లారక ముందే వాళ్ళ నాయనకి పొలానికి నీళ్ళు కట్టుకునే వంతు. కోడి కూయలా. ఆయన లేవలా. ఎండొచ్చి మొహాన కొడితే లేచాడు, అప్పటికి నీళ్ళన్నీ పక్కోడి చేలోకి పొయ్యాయి. ఇంక చూసుకో, తిరపాలుగాడి బుగ్గ బూరె అయింది. అయినా వాడు బుగ్గ పట్టుకోని నవ్వుకుంటా బడికొచ్చాడంట. అయ్యోరూ, కోడి కూయకపోయినా తెల్లారింది, మా నాయనకే తెల్లారలా అన్నాడు. అప్పుడు ఓబులమ్మని ఒక పిల్ల, పెద్దాయన మనవరాలే, కొడుకు కూతురు, ఆ పిల్ల లేచి, అయితే అయ్యోరూ, తెల్లారడం వేరు, తెల్లారిందని మనకి తెలవడం వేరు, అంతేనా అనిందంట. పంతులు నోరెళ్ళబెట్టాడు. అంతేనమ్మే, అదే ఈ కథకి కొస, నేను చెప్పబోతన్నా, నువ్వే చెప్పావు అన్నాడు. ఎంత అబద్ధం!

అప్పట్నించి ఆ పంతులికి దారి దొరికింది అనుకో. కథ మొదలుపెట్టడం, చిక్కుముడి దగ్గర ఆగడం, మీరు చెప్పండిరా అనడం. ఒకడు చెప్తే ఎందుకట్టా అనడం. ఇంకోడు కాదంటే నువ్వెందుకు కాదంటన్నావు అనడం. పిలకాయలు బడి మానితే ఒట్టు. జొరమొచ్చినా వచ్చేవాళ్ళంట. కానీ ఆ పెట్టిన మంట కొట్టంలోనే ఉంటదా, ఇళ్ళకి పాకింది. గురవడని ఒక బొద్దుపిల్లోడు సంగటిముద్ద చేత్తో పట్టుకోని వాళ్ళమ్మని అడిగాడంట, అమ్మా, ఇప్పుడిది సంగటి గదా, మింగినాక కూడా సంగటేనా, నేనా? ఏందిరా? అదే, పొద్దున తిన్న సంగటి ఇప్పుడు నేనైపోయింది గదా, మరి నేను సగం సంగటినేనా? వాళ్ళమ్మ గరిటె పట్టుకోని, ముందు మింగరా నీ దుంపతెగ, లోపలికి పోయినాక అది ఎవురైతే నాకేంది అనింది. ఇట్టా ప్రతి ఇంట్లోనూ రచ్చే. ఒక పిల్ల వాళ్ళ నాయన్ని, నాయనా, ఎద్దు నీదంటన్నావు గదా, ఆ సంగతి ఎద్దుకి తెలుసా అనిందంట. ఆయన కూడు మానేసి ఎద్దు మొహం చూసుకుంటా కూర్చున్నాడు. అందరూ పెద్దాయన దగ్గరికి పొయ్యి మొత్తుకున్నారు. పంతులికి ఎవురింటికి పోయినా ముద్ద చిన్నదైపోయింది. పెద్దాయన పంతుల్ని పిలిచి, నేను ఊఁ అనడం నేర్పమంటే నువ్వు ఎందుకు అనడం నేర్పుతావా, మాఘమాసంలో అంకమ్మ తల్లి కొలుపులు, ఆలోపల ఈ పిలకాయలు దారికి రాకపోతే నీ మూట నీ చంకన పెట్టి పంపిస్తా అన్నాడంట. పంతులేమన్నాడు? ఊఁ అన్నాడు.

ఏం పెంచలయ్యా, ఉండావా? "ఊఁ." ఉండాడు, ఉండాడు. తల తూగతా ఉంది గానీ నోరు పని చేస్తంది.

ఇప్పుడు పొట్టేలు సంగతి. ఆ ముందేడు పశువులకి గాళ్ళొచ్చాయంట, నోళ్ళూ గిట్టలూ పుండ్లుపడే జబ్బు. పెద్దాయన అంకమ్మ తల్లికి మొక్కుకున్నాడు, తల్లీ, మా పశువుల్ని కాపాడు, నీకొక పొట్టేల్ని ఇచ్చుకుంటాం అని. తగ్గింది. తన మందలోనే ఒక పొట్టేలుపిల్లని చూసి దాని మెళ్ళో పసుపుగుడ్డ కట్టించాడు. ఆ పిల్ల ఎవురిదంటే, ఓబులమ్మది. తల్లిగొర్రె ఈని చచ్చిపోతే, ఓబులమ్మ వేలు పాలల్లో ముంచి ముంచి నాకించి బతికించుకుంది దాన్ని. తన పక్కనే పండబెట్టుకునేది. పసుపుగుడ్డ కట్టేటప్పుడు ఓబులమ్మని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరన్నా అడిగారా? అడగలా. పెద్దాయన చెప్పాడు, ఊరు ఊఁ అనింది. పసుపుగుడ్డ పడితే ఇంక అది ఊరి పొట్టేలు, ఎవురూ అదిలించకూడదు, ఏ ఇంట్లోకి పొయ్యి ఏం తిన్నా దండం పెట్టాల. అది బాగా మేసింది. దానికి పొగరెక్కువని పిలకాయలు దొర అని పేరు పెట్టారంట. దొర బడికి కూడా వచ్చేది. పంతులు కథ చెప్తా ఉంటే ఎదురుగా కూర్చోని ఆయన కండువా కొస నమిలేది. సగం కథలు, సగం కండువా, అట్టా ఉండేది ఆ పంతులి బతుకు.

ఒకరోజు ఏమైందంటే, గురవడు అన్నం తిని వచ్చి గోడకానుకోని నిద్రపొయ్యాడు. నిద్రపొయ్యాడు గానీ అలవాటుకొద్దీ ఊఁ, ఊఁ అంటానే ఉండాడంట. ఇదిగో, మా మరిది లాగే. పంతులు చూశాడు, వాడి మొలలో బెల్లంగడ్డ కనపడింది. పాపం ముద్ద చిన్నదైంది గదా ఆయనకి, ఆకలి. గురవా, నీ బెల్లంగడ్డ నాకిస్తావా? ఊఁ. మొత్తం తినమంటావా? ఊఁ. ఇంకేం, నోట్లో వేసుకున్నాడు. గురవడు లేచి తడుముకోని, నా బెల్లం నా బెల్లం అని ఏడుపు. నువ్వే గదరా ఇస్తానన్నావు, వీళ్ళంతా విన్నారు అన్నాడు పంతులు బుగ్గలో బెల్లం అటూ ఇటూ నెట్టుకుంటా. వినడం విన్నారు. కానీ తిరపాలు అన్నాడు గదా, అయ్యోరూ, నిద్రలో అన్నాడు, అది ఊఁ ఎట్టా అయిద్ది? నోటితో అన్నాడు గదరా, ఊఁ కాక ఏమయిద్ది? నోటితో అన్నాడు గానీ మనసుతో అనలేదు అయ్యోరూ. మనసుతో అన్నాడో లేదో నాకెట్టా కనపడుద్ది, నాకు నోరే గదా కనపడేది? అట్టా అట్టా పొద్దు గుంకేదాకా కొట్లాడారంట. గురవడు ఏడుపు మర్చిపొయ్యి వాడూ చేరాడు. నేను నిద్రలో నీ కండువా నాకిచ్చెయ్యి అంటే ఇచ్చేవాడివా అన్నాడు. మాటలో మాట, చివరికి ఓబులమ్మ అనింది, అయ్యోరూ, ఊఁ అనాలంటే ముందు అడిగింది అర్థం కావాల. ఆనక, కాదు అనేదానికి కూడా వీలుండాల. కాదనే వీలే లేనప్పుడు వాడు ఊఁ అంటే ఏంది, ఉఁహూ అంటే ఏంది? ఇంక పంతులికి నోట్లో బెల్లం రుచి పోయింది. మర్నాడు ఎవురో పెట్టిన అరిసె దాచుకోనొచ్చి గురవడికిచ్చాడంట.

మాఘమాసం వచ్చింది. కొలుపులు రేపంటే ఓబులమ్మ కూడు ముట్టలేదు. దొర మెడ కౌగిలించుకోని కూర్చుంది. ఆ పిల్ల బాధ చూడాల్సింది, కన్నోళ్ళకి కూడా అంత బాధ ఉండదు. వాళ్ళమ్మేమో, అమ్మోరి సొమ్మమ్మే అది, దొర తనంతట తను ఒప్పుకుంటేనే గదా ఇచ్చేది, ఒప్పుకోకపోతే ఇవ్వరు అనింది. ఒప్పుకోవడం ఎట్టాగంటే, మీరు చూసే ఉంటారు. పసుపునీళ్ళు కలిపి పొట్టేలు వీపున పోస్తారు. తల్లీ, సెలవా అని అడుగుతారు. పొట్టేలు ఒళ్ళు జలదరించి విదిలించుకుంటే ఒప్పుకున్నట్టు, డప్పు మోగుద్ది, ఇంకంతే. ఓబులమ్మ పొయ్యి పంతులు దగ్గర కూర్చుంది. అయ్యోరూ, కథ చెప్పు అనింది. ఏ కథమ్మే? ఒక పిల్ల, దానికొక పొట్టేలు, ఆ కథ. పంతులు గొంతు సవరించుకున్నాడు. ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉందంట. ఊఁ. దానికొక పొట్టేలు ఉందంట. ఊఁ. రేపు కొలుపులంట. ఊఁ. పంతులు కప్పు దిక్కు చూశాడు. ఈసారి చెమట కాదు, కళ్ళల్లో నీళ్ళు. ఓబులమ్మా, దీని కొస మాత్రం నాకు నిజంగానే తెలీదమ్మే అన్నాడు. అంటే మిగతావాటికి తెలుసునా ఏంది, అయినా అట్టా అన్నాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోని, నువ్వు ఊఁ కొట్టు అయ్యోరూ, కొస నేను చెప్తా అనిందంట.

తెల్లారింది. కోడి కూసే తెల్లారిందిలే. చలి ఎట్టా ఉందంటే పళ్ళు టకటకా కొట్టుకుంటన్నాయి. గుడి ముందర ఊరంతా చేరింది. పొంగళ్ళు ఉడుకుతున్నాయి, పోలయ్య డప్పు మెళ్ళో వేసుకోని కర్ర పైకెత్తి పెట్టుకున్నాడు. వాడి పని ఒకటే, జలదరింపు కనపడితే కొట్టడం, అంతకంటే ఒక్క ఆలోచన వాడి బుర్రలోకి రాదు. దొరని తెచ్చి నిలబెట్టారు. పూజారి వేపరెమ్మతో నీళ్ళు చిలకరించి, తల్లీ, సెలవా అన్నాడు. దొర పూజారి చేతిలో వేపరెమ్మ తినేసింది. జలదరించలా! చెంబుతో పోశారు. నిలబడింది. ఇంకో చెంబు. ఊహూఁ. మేసి మేసి ఒంటిమీద బొచ్చు చాపలాగ ఉంది, ఇంక చలి యాడ తగులుద్ది? అప్పుడు ఎవురో చెవిలో పొయ్యండిరా అన్నారు. చెవిలో పోస్తే ఎవురు మాత్రం తల విదిలించరు? పూజారి చెంబెత్తాడు. అప్పుడు ఓబులమ్మ మధ్యలోకి దూరి, తాతా, ఆగు అనింది. దొర ఒప్పుకోలేదు. ఒప్పుకోనిదాన్ని ఒప్పుకునేదాకా నీళ్ళు పోస్తే అది ఒప్పుకోవడం ఎట్టా అయిద్ది? అదేమన్నా కాదంటే వదిలేస్తారా? పెద్దాయన మొహం ఎర్రగా అయిపోయింది. నలుగుర్లో మనవరాలు అడ్డం తగిలితే తల ఎక్కడ పెట్టుకుంటాడు? జలదరిస్తే ఒప్పుకున్నట్టే, మా తాత చెప్పాడు, నేను చెప్తన్నా, చెవిలో పోసినా సరే, ఒంటిమీద పోసినా సరే, జలదరిస్తే ఒప్పుకున్నట్టే, ఏమంటారు అన్నాడు. ఊరు ఊఁ అనింది. ఆయన పంతులు దిక్కు తిరిగాడు, పంతులు అప్పటికే పొంగలి కుండ వెనకాల దాక్కుంటన్నాడంట. ఏం పంతులూ, నువ్వు నేర్పింది ఇదేనా, చెప్పు, జలదరిస్తే ఒప్పుకున్నట్టా, కాదా? ఔనంటే పిల్ల ఏడుస్తది, కాదంటే మూట సర్దుకోవాల. పంతులు అటు చూశాడు, ఇటు చూశాడు, కప్పు దిక్కు చూద్దామంటే అక్కడ కప్పు కూడా లేదు. అయ్యా, నాకు కొస తెలీదు, పిలకాయల్ని అడగండి అన్నాడు.

ఓబులమ్మ ఏం చేసిందంటే, పక్కన నిండు బిందె ఉంది, పసుపునీళ్ళది, దాని దిక్కు సైగ చేసింది, తిరపాలు ఒక పక్క, గురవడు ఒక పక్క పట్టుకోని గుడి అరుగెక్కి ఎత్తారు. తాతా, దొరని నాకిచ్చేస్తావా, సెలవా అని అడిగింది. పెద్దాయన ఏందమ్మే అని నోరు తెరిచే లోపల, దబ్బుమని బిందెడు నీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించారు! ఆ మాఘమాసం చలికి ముసలాయన, ఉఁహుహుహూ అని కాలి బొటనేలు దగ్గర్నించి మీసం దాకా జలదరించాడంట. తలపాగా పొయ్యి దొర కొమ్ముకి తగులుకుంది. ఆ జలదరింపు చూశాడు పోలయ్య. చూశాడో లేదో, డమడమా డమడమా, డప్పు వాయించేశాడు! వాడికి జలదరింపే తెలుసు, ఎవురు జలదరించారని చూస్తాడా? డప్పు మోగిందని ఆడోళ్ళు హారతులు పట్టుకోనొచ్చారు, వచ్చి చూస్తే అక్కడ పొట్టేలు బదులు పెద్దాయన తడిసి ముద్దయి నిలబడున్నాడు. హారతి ఆయనకివ్వాలా, దొరకివ్వాలా? కోటమ్మా, పొరమారుద్ది, నమిలి నవ్వు. మళ్ళీ పప్పు తింటన్నావు గదా నువ్వు!

పెద్దాయన పళ్ళు టకటకా కొట్టుకుంటా, ఆపరా పోలయ్యా, ఏందిది, చలికి వణికితే ఒప్పుకున్నట్టా అని అరిచాడంట. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాడు గానీ, ఏం లాభం. ఓబులమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడుపు, నవ్వు, రెండూ కలిసి వస్తన్నాయి పిల్లకి. తాతా, నువ్వే చెప్పు. జలదరిస్తే ఒప్పుకున్నట్టయితే, నువ్వు జలదరించావు, దొరని నాకిచ్చేసినట్టే. జలదరిస్తే ఒప్పుకున్నట్టు కాదంటావా, అయితే దొర యాడ ఒప్పుకుంది? ఇప్పుడది విదిలించుకున్నా ఒప్పుకున్నట్టు కాదు గదా? ఏదైనా నువ్వే చెప్పు తాతా, రెండిట్లో ఏది చెప్పినా నేను ఊఁ అంటా. ఎటు పోయినా దొర బతికే ఉంది. పెద్దాయన ఊరోళ్ళ దిక్కు తిరిగి, ఏమంటార్రా అన్నాడు. ఊరంతా ఒక్క గొంతుగా ఊఁ అనింది. దేనికి ఊఁ అన్నారు? ఊఁ. ఒరేయ్, ఇచ్చినట్టు అనా, ఇవ్వనట్టు అనా? ఊఁ. ఏమో పెద్దాయనా, నువ్వు అడిగావు, మేం ఊఁ అన్నాం, ఎప్పుడూ అంతే గదా అన్నాడు తిరపాలు వాళ్ళ నాయన. అక్కడ ఆగిపొయ్యాడంట పెద్దాయన. ఆయన మొహం చూసి ఎవురికీ నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా నా మాటకి ఊఁ అన్నోళ్ళంతా, వీళ్ళు విని అన్నారా, నిద్రలో అన్నారా? కాదనే వీలు నేనెప్పుడన్నా ఇచ్చానా? నా మీసం నల్లగుందంటే కూడా ఊఁ అన్నారే, నిజంగా నల్లగుందని గదా నేననుకున్నా! పాపం, అది తలుచుకోని ఆయన నిజంగానే ఏడ్చాడంట. నీళ్ళు కారతా ఉన్నాయి గదా, ఏవి బిందె నీళ్ళో ఏవి కళ్ళ నీళ్ళో తెలీక సరిపోయింది.

కళ్ళు తుడుచుకోని, మరి అమ్మోరికి కోపమొస్తేనో అన్నాడు. ఆ భయం ఉంటది గదా, మొక్కిన మొక్కు. ఓబులమ్మ అనింది గదా, తాతా, పొద్దున్నే అమ్మోరికి కూడా పసుపునీళ్ళు పోశారు గదా, పొట్టేలు కావాలా తల్లీ అని అడిగారా? అడిగాం. అమ్మోరు జలదరించిందా? పూజారి బుర్ర గోక్కున్నాడు. లేదే అన్నాడు. ఇంకేం మరి! పూజారి ఇంకా ఏదో అనబొయ్యాడు గానీ పొంగలి అడుగంటిన వాసనొస్తంది, అందరికీ ఆకలి. పెద్దాయన దొర మెళ్ళో పసుపుగుడ్డ తన చేత్తోనే విప్పి మనవరాలి చేతిలో పెట్టాడు. ఆ ఏడు అంకమ్మ తల్లికి పొంగలే నైవేద్యం. నన్నడిగితే ఆ తల్లి లోపల కూర్చోని కడుపుబ్బా నవ్వుకోనుంటది.

దొర బతికింది. బతికి ఏం ఒరగబెట్టిందంటే, ఊళ్ళో పొడవని మనిషి లేడు. మొదటిపోటు పెద్దాయనకే, రెండోది పంతులికి. పసుపుగుడ్డ లేదు గనక ఇప్పుడు అదిలించొచ్చు, కానీ అదిలిస్తే అదేమన్నా వింటదా? వానొచ్చి అది ఒళ్ళు విదిలించుకున్నప్పుడల్లా పోలయ్య చెయ్యి దానంతటదే డప్పు మీదికి పొయ్యేదంట. పంతులు ఊరొదిలి పోలేదు, ముద్ద మళ్ళీ పెద్దదైంది. పెద్దాయన కూడా పొద్దుపోక బడికొచ్చి బర్రె పక్కన కూర్చునేవాడు. ఆయన ఏదన్నా అంటే ఎవురన్నా ఊఁ అన్నారనుకో, మెలకువలోనే అన్నావా అని అడిగి, ఎందుకన్నావో చెప్పేదాకా వదిలేవాడు కాదంట. దానికంటే ఊరికే ఊఁ అనించుకున్నప్పుడే బాగుండింది, పనులన్నా అయ్యేవి అని ఊళ్ళో సణుక్కున్నారు. మీసం మాత్రం తెల్లగా ఉందని ఆయన మొహమ్మీదే చెప్పారు, ముందు చెప్పింది గురవడు.

అంతే కథ. కొసతో సహా చెప్పా, నేను ఎంగయ్య పంతుల్ని కాదు. ఏం పెంచలయ్యా? "ఊఁ." కథ బాగుందా? "ఊఁ." సాయంత్రం మా బర్రెకి గడ్డి కోసుకోనొస్తావా? "ఊఁ." పెద్దమోపు? "ఊఁ, వదినా." మిగిలిన కాయలు కూడా నువ్వే వలుస్తావా? "ఊఁ." చూశారా, బంగారం లాంటి మరిది. ఏందమ్మే కోటమ్మా, నిద్రలో అన్న ఊఁ, ఊఁ కాదని నేనే చెప్పానా? చెప్పా, కాదనడం లేదు, ఓబులమ్మ చెప్పింది న్యాయమే. కానీ వాడు కథ వినలేదు గదా, ఆ న్యాయం వాడికి తెలీదు. నేను లేపి, ఊఁ అన్నావురా, అందరూ విన్నారు అంటే కొడవలి పట్టుకోని పోతాడు. గడ్డి వచ్చిందాకా ఎవురూ వాడికీ కథ చెప్పబాకండి. అబ్బయ్యా, నువ్వు రాసుకుంది కూడా మడిచి లోపల పెట్టు.